అందుకునేవారి పేరు

మా క్వార్టర్ల వెనక నిలబెట్టిన కంటైనర్ల నీడలో పాలగిన్నె పెడితే, బట్టలు ఉతికి ఆరేసి వచ్చేలోపు పెరుగు తోడుకునేది. గరిటె పెడితే కోసినట్టు ముక్కగా వచ్చే పెరుగు. ఈ సంగతి మొదట కనిపెట్టింది మా పక్కింటి గౌసియా చాచీ. ఆమె యార్డు కూలీలకు దోసెలు పోసి అమ్మేది. పొద్దున రుబ్బిన పిండి మధ్యాహ్నానికే పొంగి గిన్నె దాటడం చూసి, మిగతా ఆడవాళ్లు కూడా అక్కడే గిన్నెలు పెట్టసాగారు. ఏ గిన్నె ఎవరిదో తెలియడానికి మూతలకు రంగు దారాలు కట్టుకునేవాళ్లు.

"మన యార్డు గాలి మంచిది రేణుకా," అనేది చాచీ మా అమ్మతో. "నా కోడిపిల్లలను జూడు. మొన్న పొదిగినయ్, ఇయ్యాల కూరకొస్తయ్."

"నీ కండ్లే మంచియి గావు. కోడిపిల్లలను గూడ కూర లెక్కనే జూస్తవ్," అని అమ్మ నవ్వేది.

అమ్మ పక్కనే ఉయ్యాల ఉండేది. కంటైనర్ల మూలల్లో ఎత్తడానికి ఇనుప కన్నాలు ఉంటాయి. రెండు కంటైనర్ల కన్నాల్లోకి తాడు దూర్చి, దానికి చీర వేలాడదీసి మా తమ్ముడిని అందులో పడుకోబెట్టేది. ఎండాకాలంలో మా రేకుల ఇల్లు పొయ్యిలా కాలేది. ఆ డబ్బాల మధ్య మాత్రం బావి దగ్గర కూర్చున్నట్టు చల్లగా ఉండేది. తమ్ముడి పేరు రిత్విక్. ఎవరూ అలా పిలవలేదు. బుడ్డోడు అనేవాళ్లం.

చల్లని చోట పాలు ఆలస్యంగా తోడుకుంటాయని మా ఊరి బడిలో సైన్సు సారు చెప్పారు. ఇక్కడ తిరగబడి జరుగుతోంది. నాకు ఆ ప్రశ్న వచ్చింది గాని ఎవరిని అడగాలో తెలియలేదు. నలుగురిలో నా గొంతు పెగలదు. డైరీలో రాసుకుని ఊరుకున్నాను.

మా యార్డు హైదరాబాదు శివార్లలో ఉంది. దగ్గరలో సముద్రం లేకపోయినా అందరూ దాన్ని రేవు అనే అంటారు. ఓడల్లో వచ్చిన కంటైనర్లు గూడ్సు బండి మీద ఇక్కడికి వస్తాయి. వాటి తలుపులు తీయకుండానే పెద్ద క్రేను బండి ఎత్తి లారీల మీద పెడుతుంది. ఇక్కడి సరుకు అలాగే ఎక్కి రేవులకు పోతుంది. మా నాయిన సోమనర్సయ్య ఆ డబ్బాల మూలలకు లాకులు బిగిస్తాడు. నేను మా ఊళ్లో పదో తరగతి అయ్యాక అందరం ఇక్కడికి వచ్చేశాం. రాగానే కంపెనీ క్వార్టరు ఇచ్చింది. కరెంటు, నీళ్లు అన్నీ ఉచితం.

నాయినకు యార్డులో అన్నిటికన్నా గౌరవం సీలు మీద. డబ్బా మూసి సీలు వేశాక మధ్యలో ఎవరూ తీయకూడదు. డ్రైవరు తీయడు, గార్డు తీయడు, మేనేజరు కూడా తీయడు. కాగితం మీద అందుకునేవారి పేరు ఎవరిదో వాళ్లు వచ్చి తీయాల్సిందే. ఒకసారి ఉల్లిగడ్డల డబ్బా లోపలే కుళ్లి యార్డంతా కంపు కొట్టింది. తీసి పారబోద్దామని అందరూ గోల చేశారు. నాయిన సీలు కత్తెర నడుముకు కట్టుకుని ఆ డబ్బాకు అడ్డంగా కూర్చున్నాడు.

"పేరున్నోడు రావాలె. నా పేరుందా? నీ పేరుందా? లేదు గదా. ముక్కు మూసుకోని పో," అన్నాడు.

మా క్వార్టర్ల వెనక ఉన్నవి మామూలు కంటైనర్లు కావు. వాటికి నీలం రంగు, నడుము చుట్టూ తెల్ల పట్టీ ఉండేవి. కంపెనీ ఏదో ఇంగ్లీషు పేరు పెట్టింది. కూలీలు ఆగుడు డబ్బాలు అన్నారు. అదే నిలిచింది.

వాటిని తయారుచేసింది డాక్టర్ హైమవతి. యార్డు చివరి షెడ్డులో ఆమె ప్రయోగశాల. తలంతా తెల్లగా పండి ఉండేది. కూలీలు ముసలి మేడం అనేవాళ్లు. దీపావళికి ముందు ఒకరోజు ఆమె యార్డులో అందరినీ నిలబెట్టి ఒక డబ్బా తెరిపించింది. లోపల మామిడికాయలు ఉన్నాయి. ఎండాకాలంలో జగిత్యాల తోటలో కోసి పెట్టినవి. లోపల ఐసు లేదు, ఫ్యాను లేదు. ఆమె ఒక కాయ తీసి నాయిన చేతిలో పెట్టింది. తొడిమ దగ్గర నుంచి సొన ఇంకా కారుతోంది. నాయిన వేలితో తుడిచి వాసన చూశాడు.

"ఇప్పుడే తెంపినట్టున్నది," అన్నాడు.

"దానికి ఇప్పుడే," అంది మేడం. "మూసినప్పటి నుంచి లోపల కాలం నడవలేదు."

"మరి ఆ కాలమంత ఎటు వోయింది మేడం?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వింది. కాయలు అందరికీ పంచారు. అమ్మ వాటితో దీపావళికి పప్పు చేసింది.

బుడ్డోడికి పళ్లు తొందరగా వచ్చాయి. అందరూ సంతోషించారు. బోర్లా పడాల్సిన వయసులో కూర్చున్నాడు. పాకాల్సిన వయసులో నా వేలు పట్టుకుని గూడ్సు బండి దగ్గరకు నడిచాడు. చాచీ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది. అమ్మ ఊళ్లో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకుంది.

వాడి ఆకలికి మాత్రం అంతు ఉండేది కాదు. గిన్నెడు పెరుగన్నం తిని, గిన్నె నాకి, మళ్లీ నోరు తెరిచేవాడు. చొక్కాలు కుట్టించిన వారానికే చంకల దగ్గర పిగిలేవి. నాయినకు కూడా ఆకలి పెరిగింది. పొద్దున గడ్డం గీసుకుంటే సాయంత్రానికి మళ్లీ మాసినట్టుండేది. అమ్మ నెత్తిన అక్కడక్కడా తెల్లవెంట్రుకలు వచ్చాయి. నేను కూరగాయలకు పోతే కొత్త అంగడివాడు, "ఏం గావాలె వదినా?" అన్నాడు. నాకప్పుడు పదహారేళ్లు. అందరమూ యార్డు దుమ్ము అనుకున్నాం.

రెండో వేసవికి బుడ్డోడు ఏడెనిమిదేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. మాటలు మాత్రం ఏడాది పిల్లవాడివే. అమ్మ, అక్క, బువ్వ, రైలును చూస్తే కూ. అంతే. నా భుజం దాకా వచ్చిన పిల్లవాడు రెండు చేతులూ పైకెత్తి "అక్క" అనేవాడు. ఎత్తుకోమని. ఎత్తుకుంటే వాడి కాళ్లు నా మోకాళ్ల కింద వేలాడేవి. ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరు కాగితం చూసి విసుక్కున్నాడు.

"పుట్టిన తేదీ సరిగ్గా చెప్పమ్మా. ఏ పథకం కోసం వయసు తగ్గిస్తున్నారు?"

"నా కడుపున ఎప్పుడు వుట్టిండో నాకు దెల్వదా సారూ!" అంది అమ్మ. ఆయన వినలేదు. మెదడు ఎదగలేదని రాసి పంపేశాడు. బస్సులో అమ్మ ఆ కాగితాన్ని మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. 

ఆ రోజుల్లోనే హైమవతి మేడం ప్రయోగం ఒకటి చెడిపోయింది. మాకు తర్వాత తెలిసింది. ఆగుడు డబ్బాలు ఎంత ఎండకైనా తట్టుకుంటాయని చూపించడానికి ఆమె ఒక డబ్బాను దూరంగా, గుట్టల అవతల పాడుబడిన రాళ్ల క్వారీలో పెట్టించింది. చుట్టూ బండ తప్ప గడ్డి కూడా లేదు. తెరిచి చూస్తే టమాటాలన్నీ కుళ్లి నీరయ్యాయి. డబ్బా అసలు పనే చేయలేదు. రెండో డబ్బా పెట్టింది. అదీ కుళ్లింది. అదే డబ్బా యార్డులోకి తెస్తే చక్కగా పనిచేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె మా క్వార్టర్ల వెనకకు వచ్చింది. డబ్బాల వరుస వెంట నెమ్మదిగా నడుస్తూ, మూతలకు దారాలు కట్టిన గిన్నెల దగ్గర ఆగింది.

"ఇవేమిటమ్మా?"

"పెరుగు మేడం," అంది అమ్మ. "తీస్కపోతరా? ఇప్పుడే ఏసిన, ఇప్పుడే అయితది."

మేడం గిన్నెల పక్కన గొంతుకూర్చుంది. అప్పుడే బుడ్డోడు డబ్బాల మధ్య నుంచి వచ్చి అమ్మ చీర పట్టుకుని, వేలు నోట్లో పెట్టుకున్నాడు. మేడం వాడిని చూసింది. పైన వేలాడుతున్న ఉయ్యాల తాడును చూసింది.

"ఈ బాబుకు ఎన్నేళ్లు?"

ఎవరు అడిగినా అమ్మ అప్పటికి అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు మాత్రం ఇంకా రెండేళ్లు నిండలేదని నిజం చెప్పింది. మేడం తన తెల్లజుట్టును చేత్తో వెనక్కి తోసుకుంది. 

"నాకు ముప్పై మూడేళ్లమ్మా," అంది.

అమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మామిడికాయల రోజు వెనక నుంచి ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు మా ముందే నిలబడి ఉంది. మామిడికాయల మీద నడవని కాలం వాటి పక్కన ఉన్నవాళ్ల మీద నడిచింది. క్వారీ సంగతి విన్నాక మిగతాదీ తెలిసింది. చుట్టూ ప్రాణమున్నది ఏదీ లేకపోతే ఆ కాలాన్ని తోయడానికి చోటు లేక డబ్బా పనిచేయదు.

మేడం అక్కడి నుంచే మేనేజరుకు ఫోన్ చేసింది. అతను జీపులో వచ్చాడు. ఇంటి ముందు వేపచెట్టు కింద ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను తలుపు వెనక ఉన్నాను.

"ఇవాళే ఈ వరుస ఖాళీ చేయించండి," అంది మేడం. "మనుషులకు ఇంత దగ్గరగా ఎవరు పెట్టమన్నారు?"

"దగ్గరగా పెడితేనే బాగా పనిచేస్తున్నాయని మొదటి నెలలోనే తెలిసింది మేడం. ఎందుకో మాకు తెలీదు. పైవాళ్లు క్వార్టర్లు ఇక్కడే కట్టమన్నారు, కట్టాం. లేకపోతే ఈ రోజుల్లో కూలీలకు ఊరికే ఇళ్లెవరిస్తారు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. డబ్బా పనిచేస్తోందా అని మాత్రమే అడిగారు." అతను గొంతు తగ్గించాడు. "ఆపేద్దామంటే ఆపేద్దాం. ఈ నగరంలో ఆసుపత్రులకు రక్తం ఇందులోనే వస్తోంది. పసిపిల్లల టీకాలు ఇందులోనే వస్తున్నాయి. ముందు ఏది ఆపమంటారో మీరే చెప్పండి."

మేడం చెట్టు వైపు చూస్తూ నిలబడింది. ఆ వేపమొక్కను మేము వచ్చిన ఏడాదే నాయిన నాటాడు. అప్పటికే దాని మొదలు నా రెండు చేతులకు అందేది కాదు.

మరునాడే మేము బుడ్డోడిని తీసుకుని ఊరికి వెళ్లిపోయాం. యార్డు వదిలితే ఆగిపోతుందని మేడం చెప్పింది. అమ్మకు ఆగింది. నాకు ఆగింది. బుడ్డోడికి ఆగలేదు. అమ్మమ్మ ఇంట్లో వాడి గొంతు బొంగురు పోయింది. పెదవి మీద నూగు వచ్చింది. వాడిని చూడడానికి వచ్చిన ఊరి పిల్లలు మొదట ఆడుకున్నారు. తర్వాత రాళ్లు వేశారు. తలుపు వేసి వాడిని లోపలే ఉంచాల్సి వచ్చింది.

మేడం తానే ఊరికి వచ్చి పరీక్షలు చేసింది. కంపెనీ ఉద్యోగం మానేశానని, ప్రభుత్వానికి ఫిర్యాదు పంపానని, విచారణ కమిటీ వేశారని, అది తేల్చేదాకా షెడ్డు మాత్రం తన చేతిలోనే ఉంటుందని చెప్పింది. అమ్మకు అవేవీ అక్కరలేదు.

"నా కొడుకుకు ఎందుకు ఆగుతలేదు?"

మేడం అమ్మ పక్కన కూర్చుంది. "పెద్దవాళ్ల ఒళ్లు పాల లాంటిదమ్మా. పొయ్యి మీద ఉన్నంతసేపే కాగుతుంది. దించితే చల్లారుతుంది. వీడు ఉయ్యాలలో ఉన్నప్పుడు ఒళ్లు కట్టుకుంటున్న సమయం. వీడిలో తోడు పడింది. తోడు పడ్డాక గిన్నె ఎక్కడ పెట్టినా తోడుకుంటూనే ఉంటుంది."

"అయితే?"

"ఇలాగే పోతే..." మేడం ఆపేసింది. తర్వాత అంది, "రెండు మూడు వానాకాలాలు."

నాయిన లేచి బయటకు వెళ్లిపోయాడు.

"ఆ డబ్బల బెట్టు," అంది అమ్మ. "మామిడికాయను ఆపలేదా? నా కొడుకునాపు. మందు దొరికినంక తీద్దాం."

"ఆపొచ్చు. కాని పక్కన ఎవరో ఒకరు ఉండాలి. లేకపోతే డబ్బా పనిచేయదు. వీడు బయట ఎంత వేగంగా ముదురుతున్నాడో ఆ వేగమంతా ఆ మనిషి మీద పడుతుంది."

"ఎవరో ఎందుకు? నేను లేనా?" అంది అమ్మ.

అలా మూడో వేసవిలో బుడ్డోడిని మళ్లీ యార్డుకు తెచ్చాం. మేడం షెడ్డులో చిన్న ఆగుడు డబ్బా ఒకటి సిద్ధం చేసింది. అప్పటికి వాడు నాయిన కంటే ఎత్తు అయ్యాడు. మీసాలు వచ్చాయి. నాయిన లుంగీ కట్టుకుని, నా వేలు పట్టుకుని వచ్చాడు. దారిలో గూడ్సు బండి కనిపిస్తే ఆగి "కూ" అన్నాడు. లాకులు బిగించే కూలీలు పని ఆపి చూశారు. వాళ్లంతా కొత్తవాళ్లు. మా వాళ్లు సగం మంది వెళ్లిపోయారు. క్వార్టర్లలోకి ఒడిశా నుంచి, బీహారు నుంచి కొత్త కుటుంబాలు వచ్చాయి. గోడ మీద కమిటీ అంటించిన హెచ్చరిక తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఒక కొత్త కోడలు అక్కడే డబ్బాల నీడలో పాలగిన్నె పెడుతోంది. గౌసియా చాచీ పరుగున పోయి తన ఉర్దూలో ఆమెను తిట్టి గిన్నె లాక్కోవడం చూశాను.

డబ్బా మూయాలంటే కాగితం ఉండాలని నాయిన పట్టుబట్టాడు. షెడ్డులో అది అక్కరలేదని మేడం చెప్పినా వినలేదు.

"కాగితం లేకుంట నా చేత్తోటి ఏ డబ్బ మూయలే మేడం. కాగితం లేంది దొంగసరుకు. నా కొడుకు దొంగసరుకు గాడు."

పంపేవారు అన్నచోట తన పేరు రాశాడు. సరుకు అన్నచోట కలం ఆగింది. కాసేపటికి పెద్ద అక్షరాలతో 'పగిలేది' అని రాశాడు. అందుకునేవారు అన్నచోట అఖిల అని నా పేరు రాశాడు.

"నాదెందుకు నాయినా?"

"మేము అందుకోలేము బిడ్డా," అన్నాడు. 

బుడ్డోడు లోపలికి పోకుండా మొండికేశాడు. అమ్మ లోపల కూర్చుని పిలిస్తే పోయాడు. అమ్మ వాడిని పడుకోబెట్టి బయటకు రాగానే లేచి ఏడవసాగాడు. తలుపు మూస్తుంటే సందులో నుంచి నన్ను చూసి చేతులు రెండూ పైకెత్తాడు. "అ..." అన్నాడు. తలుపు పడింది. మిగతా మాట వినబడలేదు. నాయిన సీలు వేశాడు.

అమ్మ డబ్బా పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. నాయిన డ్యూటీ దిగి వచ్చాక ఆమెను లేపి తాను కూర్చునేవాడు. ఆమె లేచేది కాదు. మేడం అవతలి గదిలో పరీక్షనాళికల మధ్య పనిచేసేది. నేను రెండుపూటలా గది నుంచి అన్నం తెచ్చేదాన్ని. మేము యార్డుకు దూరంగా అద్దె గదిలో ఉంటున్నాం.

"నేనూ కాసేపు కూర్చుంట," అన్నాను ఒకరోజు.

"కాళ్లిరగ్గొడత," అంది అమ్మ. "గీత దాటి వచ్చినవంటే జూడు." మేడం నేల మీద సున్నంతో గీత గీసింది. నేను గీత ఇవతల కూర్చుని టిఫిను డబ్బా అవతలకు తోసేదాన్ని.

వానలు మొదలయ్యేసరికి అమ్మ జుట్టు మొత్తం తెల్లబడింది. చలికాలానికి పళ్లు కదిలాయి. చూపు మందగించింది. నేను వచ్చానని అడుగుల చప్పుడుతో గుర్తుపట్టేది. ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని నేను అంటే, "నాకేం తెలుస్తలేదే," అంది. ఆమెకు నలభై ఏళ్లు కూడా లేవు. నాయిన నడుము వంగింది. క్రేను బండి హారను కొడితే ఉలిక్కిపడేవాడు. యార్డులో అతన్ని లాకుల పని నుంచి తీసేసి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

"మంచిగున్నడా లోపల?" అని అమ్మ రోజూ డబ్బాను చెయ్యితో తట్టి అడిగేది. తానే జవాబు చెప్పుకునేది. "ఉంటడు. వానికేంది, ఇప్పుడే పన్నడు."

కమిటీ ఇంకా కూర్చునే ఉంది. బండ్లు రోజూ వచ్చి పోతూనే ఉన్నాయి. వాటి మీద నీలం డబ్బాలు అంతకుముందు కన్నా ఎక్కువే ఉన్నాయి.

నేను మేడం గదికి వెళ్లాను. ఆమె ఎలుకల బోను ముందు తల వంచుకుని ఉంది. నా అంతట నేను ఆమెతో మాట్లాడడం అదే మొదటిసారి.

"మేడం, మందు దొరుకుతదా?"

ఆమె తల ఎత్తింది. "పని చేస్తున్నాను అఖిలా."

"దొరుకుతదా?"

బోనులో ఎలుక ఒకటి మూలకు ముడుచుకుని ఉంది. దాని బొచ్చంతా రాలింది. మేడం దాన్ని చూస్తూ అంది, "మీ అమ్మకు ఆ మాట చెప్పే ధైర్యం నాకు రావడం లేదు."

 ఆ సాయంత్రం గదిలో పాలు కాచి, చల్లార్చి, తోడు వేశాను. మరునాడు పొద్దున పెరుగన్నం కలుపుకుని షెడ్డుకు వెళ్లాను. నాయిన, అమ్మ ఇద్దరూ ఉన్నారు. నేను గీత దగ్గర ఆగలేదు.

"ఏయ్, ఏయ్! యాడికే?" అంది అమ్మ.

"నాయినా, కత్తెర ఇయ్యి."

నాయిన నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. గేటు పనికి మారినా ఆ కత్తెర అతని నడుము వదల్లేదు.

"ఏం చేస్తవ్?"

"డబ్బ తీస్త."

అమ్మ లేవబోయి తూలి డబ్బాను పట్టుకుంది. "ముట్టినవంటే సంపుత! నా కొడుకు సచ్చిపోతడే. నీకేం పోయింది? నేనడిగిన్నా నిన్ను? నా ఒళ్లు, నా ఇష్టం!" అని అరిచింది. అరుస్తుంటే ఆయాసం వచ్చింది. "మందు రాని. వచ్చినంక తియ్యి."

"వచ్చేసరికి నువ్వుండవ్," అన్నాను. "కండ్లు తెరిస్తే వానికి అమ్మ ఉండదు."

"తియ్యకు సోమనర్సూ, ఇయ్యకు దానికి!" అమ్మ ఎప్పుడూ నాయినను పేరు పెట్టి పిలిచేది కాదు.

నాయిన డబ్బాకు అడ్డంగా నిలబడ్డాడు, ఉల్లిగడ్డల డబ్బా ముందు కూర్చున్నట్టే.  నేను ఇంకో అడుగు ముందుకు వేశాను.

"కాగితం మీద ఎవరి పేరుంది నాయినా?"

అతను కత్తెర మీద చెయ్యి బిగించాడు.

"అందుకునేది నేను," అన్నాను. షెడ్డు రేకులకు తగిలి నా మాట నాకే మళ్లీ వినబడింది. "నేనొచ్చిన. నా సరుకు నాకియ్యి."

నాయిన అమ్మ వైపు చూశాడు. తెల్లజుట్టు, లోపలికి పోయిన బుగ్గలు, డబ్బాను పట్టుకున్న నరాల చెయ్యి.  తర్వాత నడుము నుంచి కత్తెర తీసి, రెండు చేతులతో పట్టుకుని నా ముందుకు చాచి, పక్కకు తప్పుకున్నాడు.

సీలు తెగింది. తలుపు బరువుగా తెరుచుకుంది.

"...క్కా!" అన్నాడు బుడ్డోడు.

చేతులు ఇంకా పైకే ఉన్నాయి. చెంప మీద కన్నీటి చుక్క ఇంకా కిందికి జారలేదు. నేను చూస్తుండగా జారింది. మామిడికాయ సొన గుర్తొచ్చింది నాకు. వాడు పరుగున వచ్చి నా మీద పడ్డాడు. ఆ బరువుకు ఇద్దరం నేల మీద కూలబడ్డాం. మీసాలున్న మొహాన్ని నా భుజంలో దాచుకుని వెక్కుతూ, అమ్మ కోసం చుట్టూ చూశాడు.

అమ్మ ఎదురుగానే ఉంది. "బిడ్డా," అంది. పళ్లు లేని నోట్లో ఆ మాట వేరే ఎవరిదోలా వినబడింది. వాడు ఆమెను చూసి భయపడి నా వెనక్కి జరిగాడు. ఆమెను దాటి డబ్బా తలుపు వైపు చూస్తూ, "అమ్మ," అని పిలిచాడు. వాడికి ఇప్పుడే కదా అమ్మ ఆ తలుపులో నుంచి బయటకు వెళ్లింది. "అమ్మా!"

అమ్మ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నేల మీద తడిమి టిఫిను డబ్బా దగ్గరకు లాక్కుంది. మూత తీసి, పెరుగన్నం వేళ్లతో మెదిపి, చిన్న ముద్ద చేసి, దాని మీద బొటనవేలితో చిన్న గుంట నొక్కింది. వాడి ఉయ్యాల రోజుల నుంచి ఆమె అలాగే పెట్టేది. ముద్దను గాలిలో పట్టుకుని, "కూ..." అంది. రైలు వచ్చినట్టు మెల్లగా ముందుకు తెచ్చింది.

వాడు ఏడుపు ఆపాడు. ముద్దను చూశాడు. గుంటను చూశాడు. ఆ ముసలి మొహాన్ని చూశాడు. తర్వాత నోరు తెరిచాడు.

గోడ పక్కన నాయిన సీలు ముక్కలు ఏరుతున్నాడు. అమ్మ రెండో ముద్ద కలిపింది. అది రాత్రంతా తీసుకుని తోడుకున్న పెరుగు.